ఒక్క పాటతో ఊపేసి మాయమైనవాళ్ళు: మీ టాప్ 5 చెప్పండి, నాది తిట్టండి

క్యాసెట్ కాలం
చాలా రోజులుగా అనుకుంటున్నా, ఇవాళ్టికి కుదిరింది. వన్ హిట్ వండర్ల లిస్టు వేద్దాం రండి. ఒకే ఒక్క పాటతో లోకాన్నంతా ఊపేసి, మళ్ళీ కంటికి కనిపించకుండా పోయినవాళ్ళన్నమాట. ఏ భాషైనా పర్లేదు. సినిమా పాటలు మాత్రం వద్దు, అవి మొదలుపెడితే తెల్లారిపోతుంది. తలా ఐదు చెప్పండి. మొదటిదానికి 5 మార్కులు, ఐదోదానికి 1. లెక్క నేను చూసుకుంటా.

నాది ముందు పెడుతున్నా.

ఒకటి, నార్వే బ్యాండ్ ఆ-హా వాళ్ళ "టేక్ ఆన్ మీ". కోరస్‌లో ఆ గొంతు ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోయి, ఇంక పైన మెట్టు లేదనుకున్నాక ఇంకోటి ఎక్కుతుంది చూడండి, అక్కడ నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. బాత్రూంలో నేనూ ప్రయత్నిస్తుంటా. రెండో మెట్టు దగ్గరే దిగిపోతా.

రెండు, డెక్సీస్ మిడ్‌నైట్ రన్నర్స్ "కమాన్ ఐలీన్". 1983లో అమెరికాలో నంబర్ వన్ అయింది. ముందు వారాల్లో మైకేల్ జాక్సన్ "బిల్లీ జీన్", తర్వాత వారాల్లో మళ్ళీ జాక్సనే, "బీట్ ఇట్". ఆ రెండు కొండల మధ్య ఇరుక్కుని ఒక్క వారం జెండా పాతారు.

మూడు, నేనా "99 లుఫ్ట్‌బలూన్స్". నాలుగు, గోటియే "సమ్‌బడీ దట్ ఐ యూజ్డ్ టు నో". ఐదు, "మకరేనా". ఐదోదానికి కారణం అడగొద్దు.

చార్టుల పిచ్చి
క్యాసెట్ కాలం గారూ, మొదటి అడుగులోనే పప్పులో కాలేశారు. ఆ-హా ఒక్క హిట్ బ్యాండా? "ద సన్ ఆల్వేస్ షైన్స్ ఆన్ టీవీ" 1986 జనవరిలో బ్రిటన్‌లో నంబర్ వన్. "టేక్ ఆన్ మీ" అక్కడ నంబర్ టూ దగ్గరే ఆగింది. అమెరికాలో కూడా ఆ రెండో పాట 20వ స్థానం దాకా వెళ్ళింది. 1987లో జేమ్స్ బాండ్ టైటిల్ సాంగ్ కూడా పాడారు. 1991లో రియో డి జనీరోలో మరకానా స్టేడియంలో వీళ్ళ కచేరీకి టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్ళు 1,98,000 మంది. ఒక్క పాట కోసం అంతమంది వస్తారా?

డెక్సీస్ కూడా అంతే. బ్రిటన్‌లో 1980లోనే "జీనో" నంబర్ వన్.

ముందు నిర్వచనం తేల్చండి. అమెరికావాళ్ళ లెక్కలో, బిల్‌బోర్డ్ పత్రిక వేసే పాటల చార్టులో మొదటి 40 స్థానాల్లోకి ఒక్కసారి మాత్రమే వచ్చినవాళ్ళు. బ్రిటన్‌లో రికార్డు పుస్తకాలవాళ్ళు ఇంకా కఠినం. నంబర్ వన్ కొట్టాలి, అంతకు ముందూ తర్వాతా చార్టులో ఇంకే పాటా కనపడకూడదు.

లయ తప్పింది
మొదలైంది. ఇంకో గంటలో పట్టికలు వేస్తాడు ఈయన.

నాలుగో తీగ
అమెరికా లెక్క పట్టుకుంటే జిమీ హెండ్రిక్స్ వన్ హిట్ వండర్ అవుతాడు. నిజం. అక్కడి టాప్ 40లోకి ఆయన వెళ్ళింది ఒక్కసారే, 1968లో "ఆల్ ఎలాంగ్ ద వాచ్‌టవర్"తో, అదీ 20వ స్థానం. లూ రీడ్ కూడా ఒక్కసారే. గ్రేట్‌ఫుల్ డెడ్ అయితే 1965లో మొదలుపెట్టి 1987లో కానీ ఆ గుమ్మం తొక్కలేదు, ఆ తర్వాత మళ్ళీ తొక్కలేదు. ఇప్పుడు చెప్పండి, గిటార్ పట్టిన ప్రతివాడూ దండం పెట్టే హెండ్రిక్స్‌నీ "హూ లెట్ ద డాగ్స్ అవుట్" పాడిన బాహా మెన్‌నీ పక్కపక్కన కూర్చోబెడదామా?

చార్టుల పిచ్చి
మీరు చెప్పిన బాహా మెన్ కూడా అమెరికాలో సరిగ్గా 40వ మెట్టు మీదే ఆగారు. ఒక్క మెట్టు కింద ఉండుంటే వీళ్ళు వన్ హిట్ కూడా కాదు, నో హిట్. అదే పాటకి గ్రామీ వచ్చింది.

క్యాసెట్ కాలం
సరే సరే. చార్టు పుస్తకం పక్కన పెడదాం. మన లెక్క ఇది: రోడ్డు మీద పోయేవాణ్ణి ఆపి ఆ పేరు చెబితే ఒక్క పాటే గుర్తు రావాలి. ఆ లెక్కన హెండ్రిక్స్ బయటికి, ఆ-హా లోపలికి.

చార్టుల పిచ్చి
మీ రోడ్డు మీదా, నార్వే రోడ్డు మీదా?

ఊదారంగు
ఈ మాటకి పడీ పడీ నవ్వాను. కానీ అందులో అసలు విషయం ఉంది. నేనా సంగతే చూడండి. ఆవిడ పాట 1984లో అమెరికాలో జర్మన్ భాషలోనే నంబర్ టూ దాకా వెళ్ళింది, పైన వాన్ హేలెన్ "జంప్" అడ్డం కూర్చుంది కాబట్టి ఆగింది. బ్రిటన్‌వాళ్ళకి ఇంగ్లిష్‌లో పాడితే నంబర్ వన్ చేశారు. ఆ తర్వాత ఈ రెండు దేశాలూ ఆవిణ్ణి మర్చిపోయాయి. జర్మనీలో మాత్రం పాట మీద పాట హిట్లు కొడుతూనే ఉంది. మాయమైంది ఆవిడ కాదు, మన చెవులు.

ఆ పాట పుట్టుక కూడా బాగుంటుంది. బ్యాండ్ గిటారిస్టు కార్లో కార్గెస్ 1982లో వెస్ట్ బెర్లిన్‌లో రోలింగ్ స్టోన్స్ కచేరీకి వెళ్ళాడు. అక్కడ బెలూన్లు వదిలారు. అవి గుంపుగా ఆకారం మార్చుకుంటూ ఆకాశంలోకి పోతుంటే, బెర్లిన్ గోడ దాటి అవతలికి వెళ్తే సోవియట్ రాడార్లు వీటిని ఏమనుకుంటాయో అనే ఆలోచన వచ్చింది. బెలూన్ల వల్ల యుద్ధం మొదలై అంతా బూడిదయ్యే కథ. అది విని జనం డాన్స్ చేశారు.

నా ఐదు రాత్రికి పెడతా.

లయ తప్పింది
నా ఐదు: కుంగ్ ఫూ ఫైటింగ్, మకరేనా, మాంబో నంబర్ 5, హూ లెట్ ద డాగ్స్ అవుట్, బార్బీ గర్ల్. అన్నిటికీ చెరి 5 మార్కులు. నేను గంభీరమైన మనిషిని కాదు.

చార్టుల పిచ్చి
బార్బీ గర్ల్ చెల్లదు తమ్ముడూ. ఆక్వాకి బ్రిటన్‌లో మూడు నంబర్ వన్‌లు వరుసగా ఉన్నాయి.

లయ తప్పింది
అన్నా, నీకు నిద్ర రాదా?

నాలుగో తీగ
"కుంగ్ ఫూ ఫైటింగ్" గురించి ఒక్క మాట. పాడింది కార్ల్ డగ్లస్, జమైకాలో పుట్టినవాడు. చేసింది బిడ్డూ. అవును, నాజియా హసన్ చేత "ఆప్ జైసా కోయీ", అలీషా చినాయ్ చేత "మేడ్ ఇన్ ఇండియా" పాడించిన బిడ్డూనే. 1974లో స్టూడియోలో అసలు రికార్డు చెయ్యాల్సింది వేరే పాట. దాని కోసమే టైమంతా అయిపోయింది. రికార్డు రెండోవైపు ఏదో ఒకటి ఉండాలి కదా అని మిగిలిన పది నిమిషాల్లో ఇది చుట్టేశారు. ఆ హూ, హా అరుపులన్నీ ఎలాగూ ఎవరూ వినరన్న ధైర్యంతో పెట్టినవే. కంపెనీవాళ్ళు విని, ఇది ముందువైపు వెయ్యండి అన్నారు. అమెరికా, బ్రిటన్ రెండు చోట్లా నంబర్ వన్.

మొదటివైపు ఉండాల్సిన పాట ఏదో ఇక్కడ ఎవరికైనా గుర్తుందా? నాకైతే వెతికితే కానీ దొరకలేదు.

రెండోవైపు
నా పేరు పిలిచారు కాబట్టి వచ్చా :)

రికార్డు రెండోవైపు గురించే ఇంకో కథ. సాఫ్ట్ సెల్ "టెయింటెడ్ లవ్". 1981లో వచ్చింది, అమెరికా చార్టులో 8వ స్థానం దాటలేదు, కానీ 43 వారాలు అక్కడే తిష్ట వేసింది. పాట వాళ్ళది కాదు. 1960ల్లో గ్లోరియా జోన్స్ పాడితే ఎవరూ పట్టించుకోలేదు, అదీ ఒక రికార్డు రెండోవైపే. సరే, వేరేవాళ్ళ పాట పాడారు, రెండోవైపన్నా సొంత పాట పెట్టుకోవాలా వద్దా? పన్నెండంగుళాల రికార్డులో దాని వెనకాల సుప్రీమ్స్ పాట ఇంకోటి అతికించారు. అదీ వేరేవాళ్ళదే. పాట రాసినవాడికి వెళ్ళే డబ్బులో వీళ్ళకి పైసా రాలేదు. వెనకవైపు సొంతంగా ఏ చెత్త రాసి పెట్టినా ప్రతి రికార్డు మీదా సగం వాటా వచ్చేది.

అందుకే నాదో షరతు. మీరు లిస్టులో పెట్టే ప్రతివాళ్ళ రెండో పాట కూడా వినండి. హిట్ తర్వాత వచ్చిన పాట, లేదా అంతకు ముందుది. వినకుండా "మాయమయ్యారు" అనొద్దు.

క్యాసెట్ కాలం
ఇదేం పరీక్ష గురువు గారూ! హోంవర్కా?

రెండోవైపు
హోంవర్కే. నేను మొదలుపెడతా. నార్మన్ గ్రీన్‌బామ్, "స్పిరిట్ ఇన్ ద స్కై", 1970లో బ్రిటన్‌లో నంబర్ వన్, అమెరికాలో నంబర్ త్రీ. ఆయన యూదుడు, పాట నిండా ఏసుక్రీస్తు. అదే పాటని 1986లో ఒక బ్యాండూ 2003లో ఇంకో గాయకుడూ పాడి మళ్ళీ బ్రిటన్‌లో నంబర్ వన్ చేశారు. ముగ్గురి చేతుల్లో మూడుసార్లు. మరి గ్రీన్‌బామ్ తర్వాతి పాట ఏంటో తెలుసా? "క్యాన్డ్ హామ్". డబ్బాలో పెట్టి అమ్మే పంది మాంసం మీద పాట.

లయ తప్పింది
ఆగండాగండి. చచ్చి స్వర్గానికి పోయే పాట తర్వాత డబ్బా మాంసమా?

రెండోవైపు
అవును. 46 దాకా వెళ్ళింది అమెరికాలో.

నాలుగో తీగ
"స్పిరిట్ ఇన్ ద స్కై" మొదట్లో వచ్చే ఆ గిటార్ గురగుర గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అది బయట పెట్టుకునే పెడల్ కాదు. ఆయన టెలికాస్టర్ గిటార్ ఒళ్ళు తొలిచి, శబ్దాన్ని గరుకు చేసే ఫజ్ సర్క్యూట్ లోపలే పెట్టించుకున్నాడు. నేను మూడు రకాల పెడల్స్‌తో ప్రయత్నించా. ఒకటి తేనెటీగలా మోగింది, ఒకటి మిక్సీలా మోగింది, మూడోది పర్లేదు కానీ ఆ గరుకు మాత్రం రాలేదు. రికార్డులో ఆ శబ్దం చెవికి కాదు, పంటికి తగులుతుంది.

నిద్రరాని రేడియో
చాలాసేపటి నుంచి చదువుతున్నా. జాగర్ అండ్ ఎవాన్స్ పేరు ఎవరూ ఎత్తలేదేం? ఆంగ్ల అక్షరాల్లో చివరిదైన Zతో మొదలయ్యే పేరైనా మొదటి మర్యాద దక్కాల్సినవాళ్ళు. "ఇన్ ద ఇయర్ 2525". 1969లో అమెరికాలో ఆరు వారాలు నంబర్ వన్, బ్రిటన్‌లోనూ నంబర్ వన్. ఆ తర్వాత రెండు దేశాల్లోనూ చార్టులో ఇంకో పాట లేదు, 100వ స్థానంలో కూడా. చార్టుల పిచ్చి గారి రెండు నిర్వచనాలకీ తూకం వేసినట్టు సరిపోయే జోడీ ఇదే.

మనుషులు చంద్రుడి మీద కాలు పెట్టిన వారం అమెరికాలో నంబర్ వన్ ఈ పాటే. అందరూ భవిష్యత్తు బ్రహ్మాండం అనుకుంటున్న రోజుల్లో, మాత్రలు మింగి ఆలోచించే రోజులొస్తాయి, చేతులకీ కాళ్ళకీ పనుండదు అని పాడారు. రెండో పాట విన్నాను రెండోవైపు గారూ. "మిస్టర్ టర్న్‌కీ". జైలు గదిలో ఉన్న నేరస్తుడి గోడు. అసలే ప్రపంచం అంతమైపోయే పాట విని వచ్చిన జనం, రెండోసారి కూడా గుండె బరువు చేసుకోవడానికి సిద్ధంగా లేరనుకుంటా.

చార్టుల పిచ్చి
మీకు దండం. ఒక్కరైనా నియమం పాటించారు.

క్యాసెట్ కాలం
నేనూ కొన్ని విన్నా. లూ బేగా. 1999లో "మాంబో నంబర్ 5" అంటే అమ్మాయిల పేర్ల దండకం కదా, వెనకాల సంగీతం 1949 నాటి పెరెజ్ ప్రాడో రికార్డులోది. తర్వాతి పాట "ఐ గాట్ ఎ గర్ల్". ఇందులో ఒక్కో ఊళ్ళో ఒక్కో అమ్మాయి. పేర్లు పోయి ఊర్లొచ్చాయి, అంతే తేడా.

కార్ల్ డగ్లస్ తర్వాతి పాట "డాన్స్ ద కుంగ్ ఫూ".

ఇక మకరేనావాళ్ళు... పాట హిట్టయిన 1996లోనే, డిసెంబర్‌కి "మకరేనా క్రిస్మస్" వదిలారు. మధ్యమధ్యలో జింగిల్ బెల్స్. నేను పూర్తిగా విన్నాను. ఎందుకు విన్నానో తెలీదు.

లయ తప్పింది
హహహ. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాం, వీళ్ళు తెప్పని నెత్తిన పెట్టుకుని తిరిగారు.

ఊదారంగు
మకరేనా వాళ్ళని మరీ అంత తీసిపారేయకండి. లాస్ డెల్ రియో ఇద్దరూ 1962 నుంచి కలిసి పాడుతున్నారు. 1996లో "మకరేనా" అమెరికాలో 14 వారాలు నంబర్ వన్‌గా ఉన్నప్పుడు వాళ్ళ వెనక 34 ఏళ్ళ కచేరీలున్నాయి. మనం వినే ఆ డాన్స్ వెర్షన్ కూడా వాళ్ళు చేసింది కాదు, బేసైడ్ బాయ్స్ అనేవాళ్ళు ఇంగ్లిష్‌లో పాడే అమ్మాయి గొంతు కలిపి చేసిన రీమిక్స్. వాళ్ళది 1993 నాటి రుంబా. అది విడిగా వినండి, చప్పట్లూ గిటారూ, ఇద్దరు పెద్దమనుషులు సరదాగా ఆటపట్టిస్తున్నట్టుంటుంది. దానికి డాన్స్ స్టెప్పులు గుర్తు రావు కూడా.

నాలుగో తీగ
ఇంకో రకం ఉంది. రెండో పాట వద్దనుకున్నవాళ్ళు. న్యూ రాడికల్స్, "యూ గెట్ వాట్ యూ గివ్", 1998. గ్రెగ్ అలెగ్జాండర్ అంటే బ్యాండ్ అంతా ఆయనే. పాట హిట్టయింది, ఇంకో సింగిల్ సిద్ధంగా ఉంది, అది బయటికి రాకముందే 1999లో బ్యాండ్ మూసేశాడు. తిరగడాలూ, ప్రచారాలూ నా వల్ల కాదు, పాటలు రాసుకుంటాను పొమ్మన్నాడు. రాశాడు కూడా. సాంతానా "ద గేమ్ ఆఫ్ లవ్" ఆయన రాసిందే.

ఫోర్ నాన్ బ్లాండ్స్ "వాట్స్ అప్?" పాడిన లిండా పెర్రీ కూడా ఆ దారే. పింక్‌కి "గెట్ ద పార్టీ స్టార్టెడ్", క్రిస్టీనా అగీలేరాకి "బ్యూటిఫుల్" రాసింది ఆవిడే. వాళ్ళ హిట్లు ఈవిడ ఖాతాలో వెయ్యరు కాబట్టి వన్ హిట్ వండర్.

చార్టుల పిచ్చి
ఈ జాబితాకి రాజు ట్రెవర్ హార్న్. బగుల్స్ "వీడియో కిల్డ్ ద రేడియో స్టార్" 1979లో బ్రిటన్‌లో నంబర్ వన్. 1981 ఆగస్టు 1న ఎంటీవీ మొదలైనప్పుడు మొట్టమొదట వేసింది ఆ వీడియోనే. అమెరికాలో స్థానం ఎంతో చెప్పుకోండి? 40. బాహా మెన్ పక్క కుర్చీ! ఆ హార్న్ తర్వాత మైకు వదిలి మిక్సింగ్ బల్ల వెనక్కి వెళ్ళి, యెస్ బ్యాండ్‌కి "ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్", ఫ్రాంకీ గోస్ టు హాలీవుడ్‌కి "రిలాక్స్", సీల్ ఆల్బమ్‌లూ చేశాడు. 80ల్లో బ్రిటిష్ పాప్ మోగిన తీరులో సగం ఆయన చేతిదే.

ఆ వీడియోలో సింథసైజర్ దగ్గర నిలబడ్డ కుర్రాడెవరో తెలుసా? హాన్స్ జిమ్మర్.

లయ తప్పింది
ఏంటీ!! ఇప్పుడే చూశా. నల్ల బట్టల్లో. నిజమే.

నిద్రరాని రేడియో
చంబావంబా గురించి కూడా చెప్పాలి. "టబ్‌తంపింగ్" అంటే తాగి అరిచే పాట అనుకుంటాం. వాళ్ళు 1982లో మొదలైన పక్కా అరాచకవాద రాజకీయాల గుంపు. హిట్టొచ్చాక బ్రిట్ అవార్డుల రాత్రి, 1998లో, ఉప ప్రధాని జాన్ ప్రెస్కాట్ నెత్తిన నీళ్ళు కుమ్మరించారు. ఒక కార్ల కంపెనీ ప్రకటనకి ఇంకో పాట ఇచ్చి, వచ్చిన డబ్బుని ఆ కంపెనీ మీదే ఉద్యమం చేసేవాళ్ళకి పంచారు. నేను విన్న "రెండో పాట" వాళ్ళ 1988 ఆల్బమ్. 1381 నాటి రైతుల తిరుగుబాటు నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఇంగ్లిష్ జనం పాడుకున్న పోరాట పాటలు, వాద్యాలు లేకుండా, గొంతులతోనే. హెడ్‌ఫోన్స్‌లో విన్నా. ఒక గొంతు మొదలుపెడుతుంది, పక్కన ఇంకోటి వచ్చి నిలబడుతుంది, తర్వాత వెనకనుంచి బరువైన మగ గొంతులు. ఇదే గుంపు ఆ పబ్ పాట పాడిందంటే నమ్మబుద్ధి కాలేదు.

రెండోవైపు
వాద్యాలు లేకుండా అంటే గుర్తొచ్చింది. బాబీ మెక్‌ఫెరిన్ "డోంట్ వరీ బీ హ్యాపీ", 1988. అందులో ఒక్క వాద్యం లేదు. బేస్ అనుకున్నది ఆయన గొంతే, తాళం ఒంటి మీద చరుపు, ఈల సరేసరి. బిల్‌బోర్డ్ వాళ్ళ హాట్ 100 చార్టులో వాద్యాల్లేకుండా నంబర్ వన్ అయిన మొదటి పాట. పాట వినీ వినీ విసుగెత్తినవాళ్ళు ఎడమ చెవి ఒకసారి, కుడి చెవి ఒకసారి మూసుకుని వినండి, ఒకే మనిషి ఎన్ని ముక్కలయ్యాడో తెలుస్తుంది. ఆయన అసలు జాజ్ గాయకుడు, తర్వాత ఆర్కెస్ట్రాలు నడిపించాడు. ఆయన్ని కేవలం ఈ పాటతో గుర్తుపెట్టుకోవడం అన్యాయమే కానీ, నా లిస్టులో నంబర్ టూ.

లయ తప్పింది
మరి సై? గంగ్నం స్టైల్? యూట్యూబ్‌లో వంద కోట్లు దాటిన మొదటి వీడియో. 2014లో అది యూట్యూబ్ లెక్కపెట్టే మీటరు పరిమితే దాటేసింది, 2,147,483,647. మీటరు మార్చుకోవాల్సి వచ్చింది వాళ్ళకి.

చార్టుల పిచ్చి
తర్వాతి పాట "జెంటిల్‌మన్" అమెరికాలో 5వ స్థానం. కొరియాలో 2001 నుంచే ఆల్బమ్‌లున్నాయి. చెల్లదు.

లయ తప్పింది
నీ నోట "చెల్లుతుంది" అనే మాట ఒక్కసారైనా వినాలని ఉందన్నా.

ఊదారంగు
నా ఐదు పెడతానన్నాను. మొదటిది ఒక్కటే పెడుతున్నా, మిగతా నాలుగూ మీ వాటిల్లోంచి తీసుకోండి.

క్యూ సకామోతో, "సుకియాకీ". 1963 జూన్‌లో అమెరికాలో మూడు వారాలు నంబర్ వన్, జపనీస్ భాషలోనే.

సుకియాకీ అంటే ఏంటో తెలుసా? మాంసం, కూరగాయలు కలిపి ఉడికించే వంటకం. పాటలో ఆ వంటకం ఊసే లేదు. అసలు పేరు "ఉఏ ఓ ముఇతే అరుకో", అంటే తలెత్తి పైకి చూస్తూ నడుద్దాం అని. ఎందుకు పైకి చూడాలి? కన్నీళ్ళు కిందికి జారకుండా. రాసిన రొకుసుకే ఏయి 1960లో అమెరికాతో భద్రతా ఒప్పందానికి వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపుకి వెళ్ళి, ఏమీ సాధించలేకపోయామని దిగులుగా ఇంటికి నడుస్తూ అనుకున్న మాటలట. బయటి దేశాల కంపెనీవాళ్ళు ఈ పేరు మాకు నోరు తిరగదు అని, తమకి తెలిసిన జపనీస్ మాట ఒకటి అతికించారు. అమెరికాకి వ్యతిరేకంగా నడిచి ఏడ్చినవాడి పాటని, అమెరికావాళ్ళు వంటకం పేరు పెట్టి నంబర్ వన్ చేసుకున్నారు.

మధ్యలో ఒకచోట సకామోతో మాటలు ఆపేసి ఈల వేస్తాడు. ఏడుపు వస్తున్నప్పుడు గొంతు పెగలదు కదా, అప్పుడు మనిషి చేసే పని అది. ఎన్నిసార్లు విన్నా అక్కడికొచ్చేసరికి నేను చేస్తున్న పని ఆపేస్తా.

1985 ఆగస్టు 12న కూలిపోయిన జపాన్ విమానంలో చనిపోయిన 520 మందిలో ఆయన ఒకడు. వయసు 43.

క్యాసెట్ కాలం
...

అక్కా, ఆ-హాని కిందికి దించుతున్నా.

నాలుగో తీగ
నేను కూడా. ఎన్నోసార్లు విన్నా, మాటల అర్థం ఇవాళే తెలిసింది. మంచి మూడ్‌లో ఉన్నవాడి పాట అనుకున్నా ఇన్నాళ్ళూ. ఆ తాళం అలా ఉంటుంది మరి, హాయిగా అడుగులేస్తున్నట్టు.

చార్టుల పిచ్చి
జపాన్‌లో ఆయన పెద్ద స్టార్. అమెరికాలో ఇంకో పాట 58 దాకా వెళ్ళింది, కాబట్టి టాప్ 40 లెక్కన ఒక్కటే. చెల్లుతుంది.

లయ తప్పింది
స్క్రీన్‌షాట్ తీశా.

రెండోవైపు
ఊదారంగు గారూ, షరతు మాత్రం మీకూ వర్తిస్తుంది. రెండో పాట?

ఊదారంగు
విన్నాను. "మియగెతే గోరాన్ యోరు నో హోషి ఓ", అది కూడా 1963దే, మాటలు మళ్ళీ రొకుసుకే ఏయివే. పేరుకి అర్థం, తలెత్తి చూడు రాత్రి చుక్కల్ని అని. ఈసారి కన్నీళ్ళు ఆపుకోవడానికి కాదు. నెమ్మదిగా, పక్కనున్న మనిషికి మాత్రమే వినపడేంత గొంతుతో పాడతాడు. జపాన్‌లో ఇప్పటికీ పాడుకుంటారు. బయట ఎవరూ వినలేదు, వంటకం పేరు పెట్టలేదు కాబట్టేమో.

గోటియే అభిమాని
ఆలస్యంగా వచ్చా. నాలుగో స్థానంలో పెట్టి ఆయన గురించి ఒక్క ముక్కా రాయలేదు! 2012లో అమెరికాలో ఎనిమిది వారాలు నంబర్ వన్. బ్రెజిల్ గిటారిస్టు లూయిస్ బోన్ఫా 1967 రికార్డులోంచి తీసుకున్న చిన్న గిటార్ ముక్క తిరుగుతూ ఉంటుంది, రెండున్నర నిమిషాల దాకా అతని గోడే వింటాం, పాపం అనుకుంటాం. అప్పుడు గాయని కింబ్రా వచ్చి ఒక్క చరణంలో అతని మొహం మీద అద్దం పెడుతుంది. పాప్ పాటలో ఆవలి మనిషికి కూడా నోరిచ్చినవాళ్ళు ఎంతమంది? తర్వాత ఆ పేరుతో ఇంకో ఆల్బమ్ తేలేదు. యూట్యూబ్ వీడియో మీద ప్రకటనలు కూడా వద్దన్నాడు. రెండో పాట కావాలంటే "హార్ట్స్ ఎ మెస్" వినండి, హిట్‌కి ముందుది, నన్నడిగితే హిట్‌కన్నా మంచిది.

క్యాసెట్ కాలం
కలిపేశా, కానీ లెక్కలో గొడవుంది. "లయ తప్పింది" అన్నిటికీ 5 వేశాడు, ఊదారంగు అక్క ఒక్కటే చెప్పింది, రెండోవైపు గారు నంబర్ టూ చెప్పి నంబర్ వన్ చెప్పలేదు, చార్టుల పిచ్చి గారు అందరివీ కొట్టేసి తన ఐదూ ఇవ్వనే లేదు. కాబట్టి నా ఇష్టం వచ్చినట్టు వేస్తున్నా: సుకియాకీ, 2525, స్పిరిట్ ఇన్ ద స్కై, గోటియే, డోంట్ వరీ. ఆ-హా ఆరు. అంత పై మెట్టు ఎక్కినాయన్ని మొత్తంగా దించెయ్యడానికి మనసొప్పలేదు.

చార్టుల పిచ్చి
ఆ-హా చెల్లదని మొదటి పేజీలోనే చెప్పాను.

నాలుగో తీగ
కుంగ్ ఫూ ఫైటింగ్ ఏది? మిగిలిన పది నిమిషాల్లో అంత పాట ఇంకెవరు చేశారు? ఇది అన్యాయం.

లయ తప్పింది
అవన్నీ తర్వాత. ఆ డబ్బా మాంసం పాట లింకు ఎవరైనా పెట్టండి ముందు.